రత్నపురుషకి ఇన్ని పేర్లెందుకు?

ప్రశ్న: మాది గజపతినగరం దగ్గర పల్లె. డిగ్రీ సెకండియర్, బోటనీ. మా మామిడితోట గట్టు మీద మొలిచే చిన్న మొక్కని నాయనమ్మ రత్నపురుష అంటుంది, హెర్బేరియానికి (ఆరబెట్టిన మొక్కల సేకరణకి) దాన్నే తీశాను. ఆయుర్వేద పుస్తకంలో అయొనిడియం సఫ్రుటికోసమ్ అని, లైబ్రరీ పుస్తకంలో హైబాంథస్ ఎన్నియాస్పెర్మస్ అని, ఫోన్‌లో చూస్తే అఫ్రోహైబాంథస్ అని ఉంది. వైవా అంటే టెన్షన్‌గా ఉంది. ఏది రాయాలి? అసలు ఇది వయొలెట్ కుటుంబమేనా? అవి చలిదేశాల పువ్వులు కదా?
– ఒక విద్యార్థిని

జవాబు: మూడూ దాని పేర్లేనమ్మా, ఏ పుస్తకమూ మిమ్మల్ని మోసం చెయ్యలేదు. ముందు పువ్వు చూడండి. భూతద్దం కింద పెడితే ఐదు ఆకర్షణ పత్రాలూ కనిపిస్తాయి కానీ నాలుగు బుల్లివి, కిందది ఒక్కటే గులాబీ ఊదా రంగులో చిన్న పారలా ముందుకి పరుచుకుని ఉంటుంది. తమిళంలో దీన్ని ఒంటిరేకు తామర అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేది అందుకే. కింది రేకు మిగతావాటికంటే వేరుగా ఉండటం, ఐదు కేసరాలు అండాశయం చుట్టూ దగ్గరగా చేరి ఉండటం, కాయ మూడు పలకలుగా విచ్చుకోవడం, ఇవన్నీ వయొలెట్ల పోలికలే. చలిదేశాల పువ్వులన్నది ఆ కుటుంబంలో ఒక వైపు మాత్రమే. దీనిలో సుమారు వెయ్యి జాతులున్నాయి, రైనోరియా అనే ప్రజాతివి (దగ్గరి జాతుల గుంపుని ప్రజాతి అంటారు) అచ్చంగా ఉష్ణమండలపు పొదలూ చెట్లూ. 2014లో ఫిలిప్పీన్స్‌లో కొత్తగా వర్ణించిన రైనోరియా నికోలిఫెరా నేలలోని నికెల్‌ని ఆకుల్లో 18,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 18,000) దాకా దాచుకుంటుంది!

ఇక పేర్ల సంగతి. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని వయొలెట్ల ప్రజాతి వయొలాలోనే వేసి వయొలా ఎన్నియాస్పెర్మా అన్నాడు, అంటే తొమ్మిది గింజలది అని. అయొనిడియం ప్రజాతి 1803లో వచ్చింది, అయితే 1760లోనే జాక్విన్ అనే వృక్షశాస్త్రవేత్త హైబాంథస్ అనే పేరు పెట్టి ఉన్నాడు, ముందు పెట్టిన పేరుకే హక్కు అన్నది రూలు కాబట్టి అయొనిడియం వెనక్కి పోయింది. 1876లో ఫాన్ ముల్లర్ అనే మరో వృక్షశాస్త్రవేత్త హైబాంథస్ ఎన్నియాస్పెర్మస్ అని మార్చాడు. ఎన్నియాస్పెర్మా కాస్తా ఎన్నియాస్పెర్మస్ ఎందుకైందంటారా, లాటిన్‌లో వయొలా స్త్రీలింగం, హైబాంథస్ పుంలింగం, వెనకమాట ముందుమాట లింగాన్నే అనుసరించాలి. సఫ్రుటికోసమ్ కూడా లిన్నేయస్ పెట్టిన పేరు నుంచి వచ్చిందే, ఆ రెండూ ఒకటే మొక్క అని తర్వాత చాలామంది తేల్చారు.

మీ ఫోన్‌లో కనబడ్డ పేరు దగ్గరే అసలు విషయం ఉంది. 2014లో డీఎన్‌ఏ పోల్చి చూస్తే హైబాంథస్ అనే గొడుగు కింద ఉన్నవన్నీ ఒక తల్లి బిడ్డలు కావని తేలింది. అప్పుడు ఆ పేరు ఎవరికి ఉండాలి? జాక్విన్ ఏ మొక్కని చూసి పెట్టాడో దానికే, అది క్యూబా వైపుది. మన వైపు మొక్కలు పేరు లేకుండా మిగిలాయి, 2015లో వాటికి అఫ్రోహైబాంథస్ అని పెట్టారు. పేరు ఎప్పుడూ ఒక మూల నమూనాకి కట్టి ఉంటుంది, కుటుంబాలు విడిపోయినా అది ఆ నమూనాతోనే వెళ్తుంది. ఇది పట్టుకుంటే వైవాలో ఎవరేమడిగినా చెప్పగలరు.

రికార్డులో అఫ్రోహైబాంథస్ ఎన్నియాస్పెర్మస్ అని రాసి, కింద పర్యాయనామంగా హైబాంథస్ పేరు రాయండి. రత్నపురుష అని కూడా తప్పక రాయండి, అది నాయనమ్మగారి మాట అని చెప్పి మరీ. సంస్కృతంలో స్థలపద్మం అని మాత్రం రాసి వదిలెయ్యొద్దు, బెంగాల్ వాళ్లు ఆ పేరుతో మందార జాతి పొద ఒకదాన్ని పిలుస్తారు. అన్నిటికంటే ముఖ్యం ఊరు, తేదీ, నేల రకం. నేను చదువుకునే రోజుల్లో పేపర్ల మధ్య అద్దంలా ఆరబెట్టిన షీటు ఒకటి, ఎక్కడ తీశానో రాయనందుకు ఇప్పటికీ ఎందుకూ పనికిరాకుండా ఉంది, దాన్ని చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. పేరు తప్పు రాస్తే వందేళ్ల తర్వాతైనా ఎవరో దిద్దుతారు, ఊరు రాయకపోతే దిద్దేవాళ్లుండరు.

ప్రశ్న: మందస కొండల్లో కొత్త జాతి దొరికితే నా పేరు పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: సొంత పేరు ఎవరూ పెట్టుకోరు, అది ఈ రంగంలో మర్యాద కాదు. ఊరి పేరో, కొండ పేరో, మీకు దారి చూపించినవాళ్ల పేరో పెట్టండి. జాతి పేరు వెనక దాన్ని ప్రకటించినవారి పేరు ఎలాగూ వస్తుంది. లాటిన్ వర్ణన తప్పనిసరి అన్న నిబంధన 2012 నుంచి లేదు, ఇంగ్లిష్‌లో రాసినా చెల్లుతుంది, కానీ మూల నమూనా ఒక హెర్బేరియంలో ఉండి తీరాలి. మీరు పంపిన ఫొటోలో ఆకులు తప్ప ఏమీ లేవు. పూతా కాయా వచ్చినప్పుడు మళ్లీ తీసి పంపండి, అప్పుడు మాట్లాడుకుందాం.