శాసనసభలో మామూలు రోజున ఏం జరుగుతుంది?

కల్యాణి డ్యామ్ నుంచి తిరుపతికి వచ్చే నీటి గురించి మన ఎమ్మెల్యే సభలో అడిగితే ఫలితం ఉంటుందా అన్నది మీ ప్రశ్న. అది ఆయన ఏ ఘట్టంలో అడిగారన్న దానిపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

వెలగపూడిలో సభ మొదలయ్యేది సాధారణంగా ప్రశ్నోత్తరాలతోనే. ముందుగా నోటీసు ఇచ్చిన నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నోటితోనే జవాబు చెప్పాలి. ఆ జవాబు సరిపోకపోతే సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు కనుక, శాఖాధికారులు అంతకు ముందే క్షేత్రస్థాయి నుంచి వివరాలు తెప్పించి మంత్రికి అందజేస్తారు. నా దృష్టిలో అసలు ప్రయోజనం ఆ కసరత్తులోనే ఉంది. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వక జవాబు మాత్రమే వస్తుంది. ప్రశ్నోత్తరాల తర్వాత సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయమైన జీరో అవర్‌లో సమస్యను ప్రస్తావించవచ్చు గానీ, మంత్రి అక్కడికక్కడే జవాబివ్వాలన్న నిర్బంధం లేదు.

ఆ తర్వాత వార్షిక నివేదికలు, నోటిఫికేషన్లు సభ ముందుంచుతారు. టీవీలో చూసేవారికి ఇది విసుగే. బిల్లులుంటే ప్రవేశపెట్టి, చర్చించి, ఆమోదిస్తారు. అయితే ఎగువ సభ అయిన శాసన మండలి కూడా పరిశీలించి, గవర్నరు సమ్మతించాకే బిల్లు చట్టమవుతుంది. రాజ్యాంగంలోని 189వ అధికరణం ప్రకారం కోరానికి (సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరుకు) మొత్తం సభ్యుల్లో పదో వంతు చాలు, అంటే 175 మందిలో 18 మంది. కాబట్టి ఖాళీ కుర్చీలు కనిపించినంత మాత్రాన ఆ రోజు పని చెల్లదనుకోకూడదు.