సీసా మీద అమ్మమ్మ బొమ్మ ఎందుకు పనిచేయలేదు?

ప్రశ్న: ఇంట్లో గోంగూర, పండుమిర్చి పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నాం. లేబుల్ మీద నెట్‌లో దొరికిన బామ్మ ఫొటో, 'అమ్మమ్మ చేతి రుచి' అన్న మాట, చుట్టూ మిరపకాయలు, బంగారు అంచు వేయించాం. ఫోన్‌లో చూసినవాళ్లంతా బాగుందన్నారు. కొట్లో మాత్రం ఎవరి చెయ్యీ మా సీసా వైపు రావడం లేదు. చూడగానే మనసుకు తగలాలంటే ఏం మార్చాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ బామ్మను తీసేయండి. ఎవరో తెలియని ముఖం చూస్తే కొనేవాళ్లకు సొంత అమ్మమ్మ గుర్తురాదు. జ్ఞాపకాన్ని కదిపేది వస్తువు: జాడీ మూతికి కట్టిన తెల్ల గుడ్డ, రోలు, వేడన్నం పక్కన నూనె ఊరిన ముద్ద. వీటిలో ఒక్కటే తీసుకోండి. లేబుల్ పైభాగం గోధుమ రంగు, కిందంతా మీగడ తెలుపు పెడితే బొమ్మ లేకుండానే జాడీ కళ్లముందుకొస్తుంది.

పచ్చడి రంగు సీసాలోనే కనిపిస్తోంది కదా, లేబుల్ కూడా ఎర్రగా ఉంటే రెండూ కలిసిపోతాయి. ఎరుపును పేరుకు మాత్రమే ఉంచండి. అచ్చు సిరాల శాతాల్లో చెప్పాలంటే, మెజెంటా (ముదురు గులాబీ) 100, ఎల్లో 100 వేస్తే సైన్‌బోర్డు ఎరుపు వస్తుంది. దానికి సయాన్ (లేత నీలం) 15, బ్లాక్ 20 కలిపితే ఎండుమిర్చి తొక్క ఛాయకు దగ్గరవుతుంది. ఫోన్ తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు సిరాతో అద్దుతుంది. అందుకే తెర మీద మెరిసిన రంగు కాగితం మీద చప్పబడుతుంది.

అసలు చిక్కు తరచుగా అక్షరాల్లో ఉంటుంది. పేరును అడ్డంగా సాగదీసి, తెల్ల అంచు, బంగారు అంచు, నీడ మూడూ తగిలిస్తే 'పచ్చడి'లో ఒత్తు పూడుకుపోతుంది. తడబడి చదివిన పేరు మనసుకెక్కదు. ఒక అంచు చాలు. రామభద్ర, సురన్న ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. మొదటిది బొద్దుగా దూరానికి ఆనుతుంది, రెండోది పాత పుస్తకం పోలికలో ఉంటుంది. ఇంగ్లిష్‌కు వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకు 1.2 రెట్లు సరిపోతే, తెలుగుకు 1.5 ఇవ్వండి. లేకుంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. పాత ఫొటోషాప్ వెర్షన్లలో ఒత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగుల్లో వరల్డ్‌రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ప్రెస్సుకు పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటుతో పనిలేని బొమ్మ గీతలుగా) మార్చండి.

'అమ్మమ్మ చేతి రుచి' బదులు 'రోట్లో తొక్కిన గోంగూర' అనండి, నిజంగా రోట్లో తొక్కితేనే సుమా!

అచ్చుకిచ్చేముందు అసలు సైజులో ప్రింటు తీసి, సీసాకు అంటించి, వేరే సీసాల మధ్య పెట్టి, ఆరడుగుల దూరం నుంచి ఎవరికైనా చూపించండి. 'బాగుందా?' అంటే మనవాళ్లు బాగుందనే అంటారు. 'ఏం గుర్తొచ్చింది?' అని అడగండి.

ప్రశ్న: నాన్నగారి సంవత్సరీకానికి 6×4 అడుగుల ఫ్లెక్సీ వేయిస్తే ముఖం గళ్లుగళ్లుగా, నున్నగా, ఎవరిదోలా వచ్చింది. ఎందుకని?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చిన్న ఫొటోను పెద్దగా సాగదీస్తే గళ్లు పడతాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. పాత ఫొటో అయితే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించండి. ఇక నున్నదనం రీటచింగ్‌ది: ముడతలు, పుట్టుమచ్చ చెరిపేస్తే మనిషి పోలికే పోతుంది. వాటిని ముట్టుకోవద్దని ముందే చెప్పండి. 30 అడుగుల నుంచి హాయిగా చదవాలంటే పేరు అక్షరాలు మూడంగుళాల ఎత్తుండాలి.