చివరి ఇరవై నిమిషాల దగ్గర తప్పించుకోకు

తమ్ముడూ,

‘ఏ.ఐ. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. సినిమా మీద ఇష్టం ప్రతి వాక్యంలోనూ కనిపిస్తోంది కానీ, వాదన నాలుగో పేజీ దాకా మొదలవలేదు. మొదటి మూడు పేజీలూ కథ చెప్పడానికే ఖర్చయ్యాయి. 1,200 మాటల వ్యాసంలో కథకు 120 మాటలు చాలు. ప్రేమించేలా తయారుచేసిన బాలయంత్రం డేవిడ్, వాణ్ని తెచ్చుకుని అడవిలో వదిలేసిన మోనికా, ఆమె కోసం వాడి వెతుకులాట. ఆ వెతుకులాటలో వాడు వెళ్లే రూజ్ సిటీ నగరం, అక్కడ ప్రశ్నలకు జవాబులిచ్చే యంత్రం డాక్టర్ నో (Dr. Know) ఘట్టాలు నీ వాదనకు పనికొస్తేనే ఉంచు. అక్కడ సినిమా కూడా వివరణ ఎక్కువై కాస్త సాగుతుంది. ఆ మాట నువ్వే ఒప్పేసుకో, మిగతాది పాఠకుడు నమ్ముతాడు.

‘ఫ్లాప్’ అన్న మాట కొట్టెయ్. 2001లో ఈ సినిమా అమెరికాలో సుమారు 7.8 కోట్ల డాలర్లే తెచ్చినా, ప్రపంచం మొత్తం మీద 23 కోట్లు దాటింది. జనం చూశారు. చూసి, ముగింపు దగ్గర పెదవి విరిచారు. నీ వ్యాసం తేల్చాల్సింది ఆ పెదవి విరుపు సంగతే.

ఆరోపణను ఎదుటివాడు చెప్పినంత గట్టిగా నువ్వే చెప్పు: సముద్రం అడుగున డేవిడ్, తనను నిజమైన అబ్బాయిగా మార్చమని పినోకియో కథలోని నీలి దేవత బొమ్మను వేడుకుంటుండగా సినిమా ఆగిపోవాలి, దర్శకుడు స్పీల్‌బర్గ్ దానికి పాకం పోశాడు. దీనికి అందరూ ఇచ్చే జవాబే నువ్వూ ఇచ్చావు: ఆ చివరి ఇరవై నిమిషాలూ, ఈ సినిమాను మొదట తలపెట్టిన దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్‌వేనని స్పీల్‌బర్గే చెప్పాడని. నిజమే, ఒక వాక్యంలో రాసుకో. కానీ ఎవరి ఆలోచనో తేలితే అది బాగున్నట్టు తేలదు కదా. నీ వ్యాసం సరిగ్గా అక్కడే ఆగిపోయింది.

సాక్ష్యం తెర మీదే ఉంది. మొదట్లోనే ఒకావిడ, డేవిడ్‌ను రూపొందించిన ప్రొఫెసర్ హాబీని అడుగుతుంది: యంత్రం మనిషిని నిజంగా ప్రేమిస్తే, ఆ మనిషికి దాని పట్ల ఉండే బాధ్యత ఏమిటి? ఆయన దేవుడి మీదికి నెట్టి తప్పించుకుంటాడు. తర్వాత మోనికా ‘సిర్రస్, సోక్రటీస్, పార్టికిల్...’ అంటూ ఏడు మాటలు చదివి డేవిడ్‌లో ప్రేమను మేల్కొలుపుతుంది. దాన్ని వెనక్కి తిప్పడం కుదరదు. వద్దనుకుంటే తయారుచేసిన కంపెనీకి పంపి నాశనం చేయించాల్సిందే. రెండు వేల ఏళ్ల తర్వాత ఈ లెక్క తిరగబడుతుంది. డేవిడ్ వెంట ఉండే బొమ్మ ఎలుగుబంటి టెడ్డీ దాచిన ఆమె వెంట్రుకల నుంచి, ఎప్పుడో చనిపోయిన మోనికాను ఆనాటి యంత్రాలు ఒక్క రోజుకు లేపుతాయి. ఆ రోజు హెన్రీ (ఆమె భర్త) లేడు, మార్టిన్ (ఆమె కన్న కొడుకు) లేడు, దుఃఖం లేదు అని కథకుడి గొంతు చెబుతుంది. అంటే డేవిడ్ కోరిక మేరకు, డేవిడ్ తప్ప ఇంకెవరూ లేకుండా కుదించిన తల్లి. ఒకప్పుడు వాణ్ని ఆమె అవసరానికి తెచ్చుకున్నారు, ఇప్పుడు ఆమెను వాడి అవసరానికి తెచ్చారు. దీన్ని తియ్యదనం అనగలమా? నీ వ్యాసానికి గుండెకాయ ఈ పేరానే, కనీసం 400 మాటలు దీనికే ఇవ్వు.

ఇంకో పని చెయ్. సినిమా రెండోసారి శబ్దం ఆపేసి, డేవిడ్ కళ్లను మాత్రమే చూడు. ఆ పాత్ర వేసిన హేలీ జోయెల్ ఆస్మెంట్ రెప్ప వెయ్యకుండా నటించాడు. తనకు నిద్ర రాదని, చప్పుడు చెయ్యకుండా పడుకోగలనని డేవిడ్ మొదట్లో మోనికాకు చెబుతాడు. చివర్లో ఆమె పక్కన కళ్లు మూస్తాడు. ఈ మూడింటినీ వరసగా పెట్టు, మధ్యలో విశేషణాలు వద్దు. ‘హృదయవిదారకం’ అనే మాట నీ ప్రతిలో ఐదుసార్లుంది.

తొందరలో దొర్లిన తప్పులు రెండు. చివర్లో వచ్చేవాళ్లు గ్రహాంతరవాసులు కారు, డేవిడ్ లాంటి యంత్రాల పరంపరలోనివాళ్లు. మనుషులను ప్రత్యక్షంగా ఎరిగినవాడు కాబట్టే వాళ్లకు డేవిడ్ అపురూపం. ఇది తప్పితే ముగింపు మీద నీ వాదన మొత్తం కూలుతుంది. రెండోది, మూలకథ బ్రయన్ ఆల్డిస్‌ది, 1969 నాటిది. అందులో నీలి దేవత లేదు.

అమెరికన్ సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2011లో దీన్ని తన గొప్ప చిత్రాల వరసలో చేర్చుకున్న సంగతి ఎత్తుగడలోంచి తీసి చివరికి జరుపు. పెద్దవాళ్ల సాక్ష్యంతో మొదలుపెడితే నీకు సొంత మాట లేదనుకుంటారు.

ముందు ఆ 400 మాటల పేరా ఒక్కటే రాసి పంపు. మిగతాది దాని చుట్టూ కట్టుకుందాం.