మొదటి ఏడాది స్కీలు కొనకండి, మీ బూటు కొలత తెలుసుకుని రండి

వచ్చే జనవరిలో మీరూ మీ తమ్ముడూ వైజాగ్ నుంచి గుల్మార్గ్ వెళ్తున్నారనీ, మీకు స్కీయింగ్, అతనికి స్నోబోర్డింగ్ నేర్చుకోవాలని ఉందనీ, 80,000 రూపాయలు దాచుకున్నారనీ, ఇద్దరికీ సామాను మొత్తం కొత్తది కొనేయవచ్చా అనీ అడిగారు. వద్దంటాను. నేనుండేది సీతమ్మధారలో. నాలుగు శీతకాలాలుగా గుల్మార్గ్ వెళ్లి వస్తున్నాను. మొదటిసారి మీలాగే అన్నీ ముందే కొనుక్కుని, కొన్ని తెప్పించుకుని బయలుదేరాను. వాటిలో ఈ రోజుకీ వాడుతున్నవి గాగుల్స్, రెండు జతల మేజోళ్లు మాత్రమే.

స్కీలు, చేతికర్రలు, స్నోబోర్డు అక్కడే అద్దెకు తీసుకోండి. గుల్మార్గ్‌లో అద్దెకిచ్చే దుకాణాలకు కొదవ లేదు. అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్‌లో కోర్సుకు చేరితే పరికరాలు చాలావరకు వాళ్లే సమకూరుస్తారు. డబ్బు కట్టే ముందే ఏవేవి ఇస్తారో అడిగి తెలుసుకోండి. ఖర్చు తగ్గుతుందని మాత్రమే ఈ మాట చెప్పడం లేదు. మొదటి వారం మీకు కావలసిన స్కీ వేరు, రెండేళ్ల తరువాత కావలసిన స్కీ వేరు. ఇప్పుడైతే నిలబెట్టినప్పుడు గడ్డం దాకా వచ్చే పొట్టి స్కీ, మెత్తగా వంగేది, నడుము వెడల్పు 75 నుంచి 80 మిల్లీమీటర్లు ఉన్నది మీ మాట వింటుంది. నడుమంటే పాదం కింద ఉండే సన్నని భాగం. గోండోలా, అంటే అక్కడి కేబుల్ కారు, రెండో దశ ఎక్కి, 3,900 మీటర్లు దాటిన ఆఫర్వట్ కొండ నుంచి లోతైన పొడిమంచులో దిగే రోజు వచ్చేసరికి నడుము 100 మిల్లీమీటర్ల దగ్గర ఉన్న వెడల్పు స్కీ కావాలనిపిస్తుంది. ఈ రెండు పనులూ ఒక్క జతతో చక్కగా జరగవు.

అసలు సంగతి బూట్లది. స్కీ ఎంత మంచిదైనా, బూటు సరిగ్గా లేకపోతే మీరు చెప్పింది దానికి చేరదు.

మా అన్నయ్య డెన్వర్‌లో ఉంటాడు. నేను స్కీయింగ్ నేర్చుకుంటానంటే ఎంతో సంతోషించి, వచ్చేటప్పుడు కొత్త బూట్లు తెచ్చాడు. ఫోనులో నేను చెప్పింది ఆఫీసుకు వేసుకునే బూట్ల నంబరు. మందపాటి మేజోళ్లు వేసుకుంటానని తను ఇంకో నంబరు పెంచాడు. ఇంట్లో తొడుక్కుంటే హాయిగా ఉన్నాయి. ఆ హాయిని చూసే అవి సరిపోయాయనుకున్నాను. తీరా వాలు మీదికి వెళ్లాక ప్రతి మలుపులోనూ పాదం ముందుకు జారి బొటనవేలు ప్లాస్టిక్‌కు గుద్దుకునేది, మడమ పైకి లేచేది. తిరగాలని కాలు తిప్పితే బూటులో పాదం తిరిగేది గానీ కింద స్కీ తిరిగేది కాదు. రెండో రోజు సాయంత్రం గదిలో బుఖారీ అనే కట్టెల పొయ్యి పక్కన కూర్చుని మేజోళ్లు ఊడదీస్తే, రెండు బొటనవేళ్ల గోళ్ల కిందా నెత్తురు వంకాయ రంగులో గడ్డకట్టి ఉంది. ఉగాది నాటికి ఆ గోళ్లు రెండూ ఊడిపోయాయి.

మూడో రోజు పొద్దున అద్దె దుకాణంలోని పెద్దాయన నా బూటు చేతికి తీసుకుని, లోపలి మెత్తటి తొడుగు బయటికి లాగేసి, ఉత్త ప్లాస్టిక్ చిప్పలో నా పాదం పెట్టించాడు. వేళ్లను ముందు గోడకు ఆనించి నిలబడమన్నాడు. మడమ వెనక ఉన్న ఖాళీలో ఆయన మూడు వేళ్లు ఒకదాని వెనక ఒకటి దూరిపోయాయి. బూటు నావైపు జరిపి, ఇది మీది కాదు అన్నాడు. అక్కడ ఉండాల్సిన ఖాళీ ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు, అంతే. అద్దె బూటుకైనా ఈ పరీక్ష చేయించుకోండి. చేయమంటే విసుక్కునే దుకాణం నుంచి బయటికి వచ్చేయండి.

స్కీ బూటు మీద 25.5, 26.5 అని ఉండే అంకె సెంటీమీటర్లలో పాదం పొడవు. దాన్ని మాండోపాయింట్ అంటారు. ఇంట్లోనే కొలుచుకోవచ్చు. రోజంతా తిరిగాక సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి అప్పుడు కొలవండి. నేల మీద కాగితం పరిచి, మడమను గోడకు ఆనించి, బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడితే, ఎదుటివారు పొడవాటి వేలి చివర గీత గీయాలి. రెండు పాదాలూ కొలవండి, సాధారణంగా కొంచెం తేడా ఉంటుంది. వెడల్పూ చూడండి. చెప్పులతో పెరిగిన మన పాదాలు ముందువైపు విచ్చుకుని ఉంటాయి. 98 మిల్లీమీటర్ల ఇరుకు బూటులో అవి నలిగిపోతాయి. 102 లేదా అంతకు మించిన వెడల్పు అడగండి. బూటు ఎంత బిగువుగా వంగుతుందో చెప్పే ఫ్లెక్స్ అనే ఇంకో అంకె ఉంటుంది. మొదటి ఏడాదికి 70 నుంచి 90 మధ్య చాలు. సరిపోయిన బూటులో నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచి, మోకాలి కింది ఎముకను బూటు ముందువైపుకు నొక్కితే వేళ్లు వెనక్కి రావాలి. మేజోడు ఒక్కటే, పలచనిది, ఉన్నిది. రెండు మేజోళ్లు వేస్తే వెచ్చగా ఉండదు సరికదా, రక్తం ఆడక కాలు ఇంకా చల్లబడుతుంది.

వైజాగ్‌లో స్కీ బూట్లు తొడిగి చూసుకునే దుకాణం నా కంట పడలేదు. అందుకే ఈసారికి బూట్లు కూడా అద్దెకే తీసుకోండి. నాలుగైదు రోజులు వేసుకున్నాక మీ కొలత, మీ పాదానికి ఎక్కడ నొప్పి వస్తుందో మీకే తెలుస్తుంది. తరువాత కొనే మొదటి వస్తువు బూట్లే కావాలి, అదీ కాళ్లకు తొడిగి చూసుకునే చోటే. కొన్నాక కూడా, ఏ జత స్కీలు అద్దెకు తీసుకున్నా బైండింగ్‌ను, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపును, మీ బూటుకు తగ్గట్టు దుకాణంవారితోనే బిగింపించుకోండి. పడినప్పుడు బూటును వదిలేసే బలం మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీ నేర్పు చూసి నిర్ణయిస్తారు. స్నేహితుడి అంకె మీకు పనికిరాదు. బూట్ల అడుగు భాగాల్లోనూ పాత రకం, గ్రిప్‌వాక్ అనే కొత్త రకం ఉన్నాయి. బైండింగ్ దానికి పొసగకపోతే కాలు విరిగేదాకా అది వదలకపోవచ్చు.

స్కీలు వద్దనడానికి ఇంకో కారణం మన సముద్రం. కొండల దగ్గరున్నవాళ్లకు ఇది తట్టదు. మొదటి ఏడాది ఒకరి దగ్గర వాడిన స్కీలు కొని, తిరిగొచ్చాక సంచిలో పెట్టి జిప్పు వేసి అటక మీద పడేశాను. వర్షాకాలం గడిచి నవంబరులో తీస్తే, అంచుల వెంబడి ఉన్న సన్నని ఉక్కు పట్టీ ఆ చివర నుంచి ఈ చివర దాకా గోధుమరంగుకు తిరిగింది. వేలితో రాస్తే పొడి రాలింది. మంచు మీద నడవడానికి కొన్న బూట్ల అడుగుభాగం నొక్కితే పాత రొట్టెలా పొడిపొడి అయింది. అది పాలీయురథేన్. తేమ తగిలి తగిలి లోపల విడిపోతుందట. మా నాన్నగారు షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్లు పనిచేశారు. స్కీని వెలుతురులో తిప్పి చూసి, "తడికి ఉప్పు తోడైతే ఉక్కు ఒక్క వర్షాకాలం కూడా ఆగదు" అన్నారు. సన్నటి ఉప్పుకాగితంతో రెండు సాయంత్రాలు కూర్చుని, అడుగున ఉండే నల్లటి పొరకు తగలకుండా అంచు మాత్రమే రుద్ది తుప్పు వదిలించారు. ఎంత రుద్దినా అక్కడక్కడా గుంటలు మిగిలిపోయాయి.

ఆ తరువాత నేర్చుకున్న పద్ధతి చెబుతాను, ఎప్పుడో ఒకనాడు మీకు అవసరమవుతుంది. తిరిగి రాగానే స్కీలు పూర్తిగా తుడిచి ఆరబెట్టాలి. అడుగున, అంచుల మీద కూడా స్కీ మైనాన్ని కరిగించి మందంగా పట్టించి, మళ్లీ మంచుకు వెళ్లేదాకా గీకకుండా వదిలేయాలి. జిప్పు బిగించిన సంచిలో పెట్టకూడదు. బూట్ల లోపలి తొడుగులు బయటికి తీసి ఫ్యాను కింద ఆరనిచ్చి, తిరిగి పెట్టి, బకిల్స్ వదులుగా తగిలించాలి. ఏడాదికి పది రోజులు వాడే వస్తువుకు మిగతా రోజులంతా ఇలా కాపలా కాయడానికి సిద్ధపడ్డప్పుడు స్కీలు కొనండి.

ఇప్పుడు కొనాల్సినవి. గాగుల్స్ విషయంలో పిసినారితనం వద్దు. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 80 శాతం వెనక్కి కొడుతుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆ కిరణాల తీవ్రత పెరుగుతుంది. ఎండకు ఎస్3 అనే ముదురు అద్దం, మంచు కురిసే రోజుకు ఎస్1 అనే లేత అద్దం, రెండూ మార్చుకునే వీలున్నది తీసుకోండి. నేను మొదటి ఏడాది కొన్నది అలాంటిదే, అందుకే ఇంకా వాడుతున్నాను. లోపలివైపు గుడ్డతో తుడవకండి, ఆవిరి పట్టకుండా వేసిన పూత పోతుంది. హెల్మెట్ మీద ఈఎన్ 1077 లేదా ఏఎస్‌టీఎం ఎఫ్2040 అనే భద్రతా ప్రమాణం పేరు ఉండాలి. వాడినది ఎంత చవకగా వచ్చినా వద్దు, అది ఏ దెబ్బ తిన్నదో మనకు తెలియదు. గాగుల్స్, హెల్మెట్ కలిపి పెట్టుకుని చూడండి, మధ్యలో నుదురు కనిపించకూడదు.

దుస్తుల దగ్గర ఒక్కటే మాట, నూలు వద్దు. లంబసింగి వెళ్లినప్పుడు లోపల బనియను, పైన స్వెటరు సరిపోతాయి. ఎందుకంటే అక్కడ మనం నిలబడి మంచు తెరలు చూస్తాం. గుల్మార్గ్‌లో చెమటలు పట్టేలా కష్టపడి, తరువాత పది నిమిషాలు గాలిలో నిలబడాలి. తడిసిన బనియను ఒళ్లంతా వణికిస్తుంది. లోపల ఉన్ని లేదా పాలియెస్టర్, మధ్యలో ఫ్లీస్, పైన కనీసం 10,000 మిల్లీమీటర్ల నీటి నిరోధం ఉన్న జాకెట్టు, ప్యాంటు. డెకాథ్లాన్‌లో వెడ్జ్ పేరుతో వచ్చేవి నాకు చక్కగా పనికొచ్చాయి. చేతి తొడుగులు రెండు జతలు కొనండి. మొదటి జత మధ్యాహ్నానికే తడుస్తుంది.

మీ తమ్ముడికి అన్నిటికంటే ముందు మణికట్టు గార్డులు కొనండి. స్నోబోర్డు కొత్తగా ఎక్కినవాళ్లు పడేటప్పుడు చేతులు ఆనిస్తారు, మణికట్టు విరగడం వాళ్లలో చాలా మామూలు. మన ఊళ్లో స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు కట్టుకునేలాంటివే, కాకపోతే పైన చేతి తొడుగు పట్టాలి. పడితే వెన్నుపూస చివర తగలకుండా మెత్తలున్న నిక్కరు కూడా ఉంటే మంచిది. స్నోబోర్డు బూట్లు మెత్తగానే ఉంటాయి కానీ వాటి మడమ కూడా లేవకూడదు. బోర్డు మీద పక్కకు తిరిగి, ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి నిలబడతారు. ఏ కాలు ముందు పెట్టాలో తెలియకుండా బోర్డు కొనడంలో అర్థం లేదు. అది మొదటి రోజే తేలుతుంది.

దేశీయ విమానాల్లో సాధారణంగా మనిషికి 15 కిలోలే ఇస్తారు. స్కీ బూట్ల జతే 4 కిలోల దాకా తూగుతుంది. అద్దెకు తీసుకోవడంలో ఈ సుఖం కూడా ఉంది. ఇద్దరికీ నేను చెప్పినవన్నీ కొన్నాక కూడా మీ దగ్గర మంచి మొత్తమే మిగులుతుంది. దాన్ని శిక్షకుడికి ఇవ్వండి, రెండు రోజులు ఎక్కువ నేర్పమనండి.

ఈ ఆదివారం సాయంత్రం ఇద్దరి పాదాలూ కొలిచి ఆ అంకెలు రాయండి. అన్నయ్య తెచ్చిన బూట్లు మా ఇంట్లో పొడిగా, భద్రంగా ఉన్నాయి. వాటి మీద అంకె 27.5. మీ పాదం 27 దాటితే ఒకసారి వచ్చి, లోపలి తొడుగు తీసి, చిప్పలో కాలు పెట్టి చూసుకోండి. మడమ వెనక రెండు సెంటీమీటర్లకు మించకపోతే తీసుకువెళ్లండి.