వసుధకు, కాలి వేళ్ల గురించి

చిరంజీవి వసుధకు,

అత్తయ్య ఆశీస్సులు. నీకు స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. నా తరువాత మన ఇంట్లో ఆ యూనిఫారం వేసుకునేది నువ్వేనని తెలిసి కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే, కాలి వేలు వంకరపోయి నొప్పి పెడుతోందనీ, ఆపరేషన్ లేకుండానే చూసుకుంటానంటున్నావనీ చెప్పాడు. అప్పటినుంచి మనసు మనసులో లేదు. వార్డులో గంటల తరబడి నిలబడటమంటే ఏమిటో నాకు తెలుసు.

ముందు ఆ వేలిని చేత్తో పట్టుకుని మెల్లగా చాపి చూడు. తిన్నగా వస్తే కీలు ఇంకా బిగుసుకోలేదన్నమాట, నువ్వనుకున్నట్టే ఆపరేషన్ లేకుండా నెట్టుకురావచ్చు. కొయ్యబారిపోయి కదలకపోతే ఎముకల డాక్టరుకు చూపించు. ప్యాడ్లూ, పట్టీలూ, వ్యాయామాలూ వంగిన వేలిని శాశ్వతంగా సరిచేయవు. నొప్పి తగ్గిస్తాయి, వంపు ముదరకుండా తోడ్పడతాయి. ఆ సంగతి తెలిసే మొదలుపెట్టు, లేకపోతే నెల తిరక్కుండానే విసుగొచ్చి మానేస్తావు.

బొటనవేలి పక్క వేలు పొడుగ్గా ఉంది, అత్తారింట్లో పెత్తనమంతా దీనిదేనని నానమ్మ నిన్ను చూసి మురిసిపోయేది. ఆ పొడుగు వేలికే బూటులో చోటు చాలక మధ్య కణుపు దగ్గర ముడుచుకుంటుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటే కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు కురచబడతాయి. పైకి లేచిన కణుపు బూటుకు రాసుకుని ఆనెకాయ కడుతుంది.

కాబట్టి అన్నిటికంటే ముందు బూట్లు. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట కొనుక్కో. కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీసి, కత్తిరించి, దాన్ని బూటులో పెట్టు. అంచులు మడతపడితే ఆ బూటు నీది కాదు. పొడుగు వేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి, వేళ్ల పైన కూడా ఖాళీ ఉండాలి, మడమ ఎత్తు తక్కువగా ఉండాలి. యూనిఫారంతో ఇచ్చే బూట్లు ఇరుకైతే మొదటి రోజే మార్చమని అడుగు. కొత్త ఉద్యోగమని మొహమాటపడకు.

డ్యూటీ దిగాక వేలిని చాపి, పది లెక్కపెట్టి వదులు. నేల మీద తువ్వాలు పరిచి కాలి వేళ్లతో దగ్గరికి లాగు. బయలుదేరేటప్పుడు కణుపు మీద జెల్ తొడుగు వేసుకో. రేపు పెళ్లయ్యాక మెట్టెలు పెట్టేదీ ఆ వేలికే. వదులుగా ఉన్నవి చేయించుకో, వేలు వాచిన రోజు తీసి పక్కన పెట్టు. ఎవరేమన్నా నా పేరు చెప్పు.

ఇక నానమ్మ కాలి సంగతి. మీ నాన్న నీకు పూర్తిగా చెప్పి ఉండడు.

ఆవిడకూ అదే వేలు, కణుపు మీద శనగగింజంత ఆనెకాయ. ఎవరినీ అడక్కుండా మందుల షాపులో కార్న్ క్యాప్, అంటే ఆనెకాయ మీద అంటించే మందు పట్టీ, కొని అంటించుకుంది. అందులో ఉండేది సాలిసిలిక్ ఆమ్లం. గట్టిపడిన చర్మాన్ని మెత్తబరిచి ఊడగొడుతుంది, కానీ మంచి చర్మాన్నీ వదిలిపెట్టదు. ఆవిడకు అప్పటికే ఏళ్లుగా షుగరు, పాదాల్లో స్పర్శ పోయింది. మంట పుట్టి ఉంటే పీకి పారేసేది. పుట్టలేదు. ఒకటి ఊడితే మరొకటి అంటించింది. సంక్రాంతికి నేను వెళ్లేసరికి గదిలో వాసన. వార్డులో అలవాటైన వాసన, మా అమ్మ దగ్గర రాకూడని వాసన. కూర్చోబెట్టి పట్టీ విప్పాను. చుట్టూ చర్మం తెల్లగా నానిపోయి ఉంది, మధ్యలో నల్లటి గుంట. దూదితో తుడుస్తుంటే, "నొప్పేమీ లేదే, పండగ పూట ఎందుకే ఆ ముఖం?" అంది. నొప్పి లేదన్నందుకే నా చేతులు వణికాయి. చీము ఎముక దాకా పోయింది, వేలు తీసేయక తప్పలేదు. తాతయ్య ఉండగా మెట్టె లేని కాలా అని ఏడ్చి ఏడ్చి, చివరికి పక్క వేలికి పెట్టుకుంది.

నీకు షుగరు లేదని నాకు తెలుసు. అయినా మన వంశంలో ఉంది, ఏటా పరీక్ష చేయించుకో. కార్న్ క్యాప్ జోలికీ, బ్లేడు జోలికీ వెళ్లావో, నేనే బస్సెక్కి వచ్చేస్తాను. ఆనెకాయ గట్టిపడితే స్నానం చేశాక నురుగురాయితో పైపైన రుద్దు, చాలు. ఎర్రబడినా, పుండు పడినా, వేలు తిమ్మిరెక్కినా ఆ రోజే చూపించు. అప్పుడు ఆపరేషన్ కావాలంటే చేయించుకుందాం, పక్కన నేనుంటాను. అందరి పాదాలకూ కట్లు కట్టి నీ పాదాలు చూసుకోకపోతే ఊరుకోను తల్లీ.

మొదటి జీతం దాకా ఆగకు. బూట్ల డబ్బు నేను పంపుతాను, బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వు. కొన్నాక ఆ కాగితం పాదాన్ని బూటు లోపల పెట్టి ఫొటో తీసి పంపు.

ఇట్లు,
మీ అత్తయ్య