అమెరికా వెళ్లే బట్టల పెట్టె: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా కుట్టు యూనిట్ నుంచి తొలిసారి 1,200 టీషర్టులు ఓడలో న్యూజెర్సీకి పంపుతున్నాం. ఇన్వాయిస్‌లో ‘రెడీమేడ్ గార్మెంట్స్, 1,200 పీసులు’ అని రాస్తే సరిపోదా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: సరిపోదు. ఆ ఒక్క ముక్కతో సుంకం తేలదు. నిట్ (అల్లిన) బట్టా, మగ్గం మీద నేసిన బట్టా? ఎవరు తొడుక్కునేది? ఏ నూలు ఎంత శాతం? ఇవి ఇన్వాయిస్‌లోనే కనబడాలి. నిట్ దుస్తులు టారిఫ్ (సుంకాల పట్టిక)లో 61వ అధ్యాయం కిందికి, నేసిన బట్టతో కుట్టినవి 62 కిందికి వస్తాయి. అందులో టీషర్టు పద్దు సంఖ్య 6109. బరువులో కాటన్ ఎక్కువైతే అమెరికా మూల సుంకం 16.5 శాతం, పాలిస్టర్ ఎక్కువైతే 32 శాతం. విడిగా వేసే అదనపు సుంకాలు వేరే.

చిక్కంతా 52-48 లాంటి మిశ్రమాల దగ్గరే. సరిగ్గా సగం సగం ఉంటే, టారిఫ్ వరుసలో చివర వచ్చేదాన్నే తీసుకోవాలన్నది నిబంధన. అంటే 32 శాతమే. నూలు వ్యాపారి చెప్పిన శాతాన్ని నమ్మి లేబుళ్లు అచ్చు వేయించేసి, తర్వాతి లాటు బట్ట కొంచెం తేడాగా వస్తే ఆ తేడా మీ మెడకే చుట్టుకుంటుంది. కటింగ్‌కు ముందే ప్రతి లాటు నుంచీ ముక్క తీసి ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. లేబుల్‌ శాతాల్లో 3 శాతం వెసులుబాటు ఉంది గానీ, సుంకం విషయంలో దాన్ని నమ్ముకోవద్దు.

ఇన్వాయిస్‌లో ఇలా రాయండి: ‘మెన్స్ నిట్టెడ్ టీషర్ట్, 60% కాటన్, 40% పాలిస్టర్’. పక్కనే స్టైల్ నంబరు, రంగు, పీసులు, ధర. అక్కడ లెక్క డజన్లలోనూ కిలోల్లోనూ అడుగుతారు. పీసు 150 గ్రాములైతే మీ సరుకు 100 డజన్లు, 180 కిలోలు. హ్యాంగరు, పాలీబ్యాగు బరువు ఈ నికర బరువులో కలపకూడదు.

సరుకు ఎవరు తయారుచేశారో అమెరికా కస్టమ్స్‌కు చెప్పే తయారీదారు కోడ్ దగ్గర చాలామంది పొరబడతారు. పని బయట కుట్టించి, కోడ్ మాత్రం తమ సంస్థ పేరు మీద వేస్తారు. అక్కడ ఉండాల్సింది కుట్టిన ఫ్యాక్టరీ వివరం. ముందు దేశానికి ఐఎన్, తర్వాత సంస్థ పేరులో మొదటి రెండు మాటల నుంచి మూడేసి అక్షరాలు, చిరునామాలోని అంకెలు నాలుగుకు మించకుండా, చివర ఊరి పేరులో మొదటి మూడు అక్షరాలు. సరుకు ఓడ ఎక్కడానికి 24 గంటల ముందే అక్కడి దిగుమతిదారు ఈ వివరాలను కస్టమ్స్‌కు దాఖలు చేయాలి, తప్పితే జరిమానా 5,000 డాలర్ల దాకా పడొచ్చు. కాబట్టి ఫ్యాక్టరీ పేరు, చిరునామా వాళ్లకు ముందే పంపండి.

ప్రశ్న: చేనేత బట్టతో కుర్తీలు కుట్టి పంపుతున్నాం. కార్టన్ మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ ముద్ర ఉంది. ప్రతి కుర్తీకీ మళ్లీ లేబుల్ కావాలా? దుపట్టాల సంగతేమిటి? (ఒక పాఠకురాలు, మంగళగిరి)

జవాబు: ప్రతి పీసుకూ కావాలి, అదీ ఇంగ్లిష్‌లో, కుట్టినదో ఊడిరాకుండా అంటించినదో. వేలాడే కాగితం ట్యాగు ఒక్కటే ఉంటే చాలదు. దేశం పేరున్న లేబుల్ మెడ లోపల, రెండు భుజాల కుట్లకు నడిమధ్యన ఉండాలి. పక్క కుట్టులోకి నెట్టేస్తే తప్పే. నూలు శాతాలు ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. 5 శాతంలోపు ఉన్నది ‘ఇతర నూలు’ కిందికి పోతుంది. సాగడానికి కలిపిన స్పాండెక్స్ లాంటిదైతే పేరు రాయొచ్చు. దిగుమతిదారు పేరో, అమెరికా ప్రభుత్వం వాళ్లకిచ్చిన రిజిస్టర్డ్ నంబరో వేయాలి, ఉతికే సూచనలు కూడా మరవకండి. దేశం గుర్తు లేని సరుకును సరిచేయకపోతే 10 శాతం అదనపు సుంకం పడుతుంది.

దుపట్టాకు లెక్క మారుతుంది. కుర్తీ పూర్తిగా మన దేశంలో కుడితే, బట్ట బయటిదైనా అమెరికా నిబంధన ప్రకారం అది భారతీయమే. దుపట్టాకు మాత్రం బట్ట నేసిన దేశమే మూలం. చైనా బట్ట తెచ్చి ఇక్కడ అంచులు మడిచి కుట్టినంత మాత్రాన ‘మేడ్ ఇన్ ఇండియా’ వేయకూడదు. మీది మంగళగిరి మగ్గం మీద నేసిందే అయితే భయం లేదు.

ప్రశ్న: తనిఖీలో పెట్టెలు విప్పితే సరుకు చెల్లాచెదురవుతోంది. ఎలా సర్దాలి? (ఒక పాఠకుడు, సిరిసిల్ల)

జవాబు: తనిఖీ అధికారి 17వ పెట్టె అడిగితే కంటెయినరంతా ఖాళీ చేయకుండా చేతికందాలి. ప్రతి కార్టన్‌కూ రెండు వైపులా నంబరు వేయండి. ప్యాకింగ్ లిస్టులో ఆ నంబరు ఎదురుగా స్టైల్, రంగు, సైజులవారీ పీసులు, నికర బరువు, మొత్తం బరువు రాయండి. ఒక్కో స్టైల్ నుంచి ఒక్కో పెట్టె తలుపు దగ్గర పెట్టండి. కలగలుపు సైజులున్న పెట్టెలను చివరి నంబర్లకు ఉంచి, పైన గుర్తు వేయండి. పెట్టె 20 కిలోలు దాటకపోతే మేలు. దాటితే అడుగు ఊడిపోతుంది.

తేమతో జాగ్రత్త. ఇస్త్రీ ఆవిరి ఆరకముందే కాటన్‌ను పాలీబ్యాగులో పెడితే ఓడలో నెల్లాళ్లకు మడతల్లో నల్లటి బూజు పడుతుంది. ఇస్త్రీ చేసింది కాసేపు రాక్ మీద చల్లారనిచ్చి, అప్పుడే మడవండి. చెక్క ప్యాలెట్ వాడితే దాని మీద వేడితో శుద్ధి చేసినట్టు తెలిపే ఐపీపీసీ (అంతర్జాతీయ మొక్కల రక్షణ ఒప్పందం) ముద్ర ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: శాంపిళ్లకూ సుంకం కట్టాలా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: అమ్మకానికి పనికిరాకుండా చేసి పంపితే అక్కర్లేదు. బయటికి కనబడే చోట రెండు అంగుళాలు కోయండి. లేదా బట్టకు ఎదురు రంగు చెరగని సిరాతో అంగుళం ఎత్తు అక్షరాల్లో ‘శాంపిల్’ అని ఇంగ్లిష్‌లో రాయండి. లోపలి మడతలో దాచి రాస్తే ఒప్పుకోరు. 800 డాలర్లలోపు పార్శిళ్లకు ఉన్న మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు కాబట్టి, చక్కని చొక్కాను ‘శాంపిల్’ అని కాగితం మీద మాత్రమే రాసి పంపితే పూర్తి సుంకం వేస్తారు.