రెండే బీబాట్‌లతో క్లాసు మొత్తానికి ఏ యాక్టివిటీలు చేయించాలి?

క్లాసు నిండా ఐదారేళ్ల పిల్లలు, చేతిలో రెండే బీబాట్‌లు (వీపు మీది బాణం బటన్లతో కమాండ్లు ఇస్తే అదే వరసలో నేల మీద నడిచే చిన్న తేనెటీగ రోబోలు), అందరూ బటన్లు ఎడాపెడా నొక్కేసి అది ఎటు పోతే అటు పరిగెడుతున్నారు, ఏం చేయించాలి అని అడిగారు కదా. నేను ఈ వయసు పిల్లలతోనే వీటిని వాడుతుంటాను, నాకు బాగా పనిచేసినవి చెప్తాను.

మొదటి క్లాసులో రోబోని బయటికి తీయకండి. నేల మీద టేపుతో గళ్లు వేసి ఒక పాపనో బాబునో రోబోగా నిలబెట్టండి, ఇంకొకరు బాణం కార్డులు ఒక్కొక్కటే చూపించాలి, రోబో అయినవాళ్లు కార్డులో ఉన్నదే చేయాలి. అసలు చిక్కు ఇక్కడే బయటపడుతుంది. కుడివైపు బాణం చూపించగానే చాలామంది పక్క గడిలోకి అడుగు వేసేస్తారు. బీబాట్ అలా చేయదు, ఉన్నచోటే 90 డిగ్రీలు తిరిగి ఆగుతుంది, ఆ తర్వాత ముందుకి బటన్ కూడా నొక్కితేనే గడి మారుతుంది. ఇది నోటితో ఎంత చెప్పినా బుర్రకెక్కదు, తామే తిరిగి చూస్తే మాత్రం ఇట్టే పట్టేస్తారు. 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష రూపొందించినవాళ్లలో ఒకరైన సేమూర్ పాపర్ట్ కూడా, అందులో కమాండ్లతో కదిలే తాబేలుని ఎటు నడపాలో తోచకపోతే నువ్వే తాబేలువనుకుని నడిచి చూడు అనేవాడు.

రెండే ఉన్నాయని టెన్షన్ పడకండి. రోబో కావాల్సింది చివర్లో సరిచూసుకోడానికే, ఆలోచనంతా కార్డులతోనే జరగాలి. నలుగురేసి గుంపులు చేసి ప్రతి గుంపుకీ గళ్ల చార్టు, బాణం కార్డులు, ముందువైపు ఏదో తెలిసేలా స్టిక్కర్ అంటించిన చిన్న బొమ్మ ఇవ్వండి. కార్డులు వరసగా పేర్చి, బొమ్మని నడిపి చూసుకున్న గుంపుకే రోబో దగ్గరికి వచ్చే వంతు. బీబాట్ ఒక్కో అడుగు 15 సెంటీమీటర్లు, కాబట్టి రోబో నడిచే చార్టులో గడి కూడా కచ్చితంగా అంతే ఉండాలి, చార్టు పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిస్తే కింద బొమ్మలు మార్చుకుంటూ ఎన్నాళ్లైనా వాడొచ్చు.

ఇంకోటి, పాత కమాండ్లు చెరిపే బటన్ నొక్కకుండా కొత్తవి ఇస్తే అవి పాతవాటి వెనక చేరతాయి, పిల్లలేమో రోబో పాడైపోయింది అనుకుంటారు. "ముందు చెరుపు, తర్వాత నొక్కు" అని వాళ్లచేతే పైకి చెప్పించండి.

యాక్టివిటీల్లో అంకెల పట్టీతో మొదలుపెట్టడం తేలిక, ఎందుకంటే మలుపులు ఉండవు. సున్నా దగ్గర పెట్టి మూడు అడుగులు, ఇంకో నాలుగు అడుగులు, ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పాలి, తీసివేతకి వెనక్కి బటన్. తర్వాత గళ్లలో అక్షరాలు చెల్లాచెదురుగా పెట్టి "పలక" అన్న మాట కోసం ప, ల, క మీదుగా వెళ్లమనండి, ఒక్కో అక్షరం దగ్గర పాజ్ బటన్ వాడాలి. తెలిసిన కథ బొమ్మల్ని వరస తప్పించి పెట్టి కథ క్రమంలో తిప్పించడం కూడా బాగుంటుంది, మాట్లాడని పిల్లలు సైతం దీంట్లో నోరు విప్పుతారు. దారిలో ఒక డబ్బా అడ్డం పెడితే అదే ఆట కొత్తదైపోతుంది.

రోబో పిల్లల వైపు ముఖం పెట్టి వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అప్పుడు లేచి దాని వెనక్కి వెళ్లి నిలబడమనండి.

నేను అన్నిటికన్నా ఎక్కువ టైం ఇచ్చేది తప్పు వెతకడానికి. రోబో వేరే గడిలో ఆగితే కార్డులన్నీ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టనివ్వను. గుంపులో ఒకరు రోబో నడుస్తుంటే కార్డుల మీద వేలు పెట్టి జరుపుతూ ఉండాలి, ఎక్కడ దారి తప్పిందో ఆ కార్డు దగ్గరే వేలు ఆగుతుంది, ఆ ఒక్కటి మార్చి మళ్లీ నడపాలి. ఆ సమయంలో మీరు జవాబు చెప్పకండి, "ఇది ఎటు చూస్తోంది ఇప్పుడు?" అని మాత్రం అడగండి. ఎవరు ముందు పూర్తి చేస్తారు అనే పోటీలు ఈ వయసుకి వద్దు, వేగం మొదలైతే మళ్లీ బటన్లు నొక్కేయడమే మిగులుతుంది.